గది మీకు, కిటికీ నాకు

ప్రేమలకు భర్త మీద ఉన్న ఫిర్యాదు చాలా చిన్నది. ఆయన తాగడు, పేకాడడు, అన్నం బాగాలేదని కంచం తోసెయ్యడు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక టేపు ఉంటుంది, అంతే. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన ఆమె చెయ్యి పట్టుకున్న సందర్భాల కన్నా, ఆమె చేత టేపు కొస పట్టించిన సందర్భాలే ఎక్కువ. "జర గీ కొస పట్టు" అని వినబడితే చాలు, పొయ్యి మీద పాలున్నా సరే ఆమె వెళ్లి నిలబడాలి. మంచం కొలుస్తాడు, మంచం కింది ట్రంకు పెట్టె కొలుస్తాడు, ఆ రెంటికీ నడుమ మిగిలిన సందు కొలుస్తాడు. పెళ్లిచూపుల నాడు కూడా ఆయన చూపు తన మీద కన్నా తమ ఇంటి దర్వాజా మీదనే ఎక్కువసేపు నిలిచిందని ప్రేమల తన చెల్లెలికి ఇప్పటికీ చెబుతుంది. ఆ దర్వాజా వెడల్పు మూడడుగుల రెండంగుళాలు. అది ఆయనకు గుర్తుంది. పెళ్లయిన తేదీ మాత్రం ప్రతి ఏడూ ఆమే గుర్తు చేయాలి.

ఆయన పేరు దేవిదాస్. నిజాంసాగర్ కాలువ కింద నాలుగెకరాల వరి పొలం, బాన్సువాడలో ఎరువుల దుకాణం, దుకాణానికి రెండు గల్లీల అవతల తండ్రి కాశీరాం కట్టిన పెంకుటిల్లు ఆయన ఆస్తి. ఈ మాఘమాసంలో ఆ పెంకుటిల్లు తీసేసి డాబా మొదలుపెట్టాడు. ఇల్లు లేచేదాకా ఎక్కడ ఉండాలన్న ప్రశ్న వచ్చింది. లోకంలో ఎవరైనా కిరాయి ఇల్లు చూసేటప్పుడు నల్లా చూస్తారు, స్నానాల గది చూస్తారు. దేవిదాస్ కిటికీ చూశాడు. పక్కింటి భూమవ్వ గదికి ఒక కిటికీ ఉంది. అది సరిగ్గా తన జాగలోకే తెరుచుకుంటుంది. అన్నం తింటూ కూడా మేస్త్రీని గదమాయించవచ్చు. ఆ గదే కిరాయికి తీసుకున్నాడు.

భూమవ్వకు అరవై అయిదేళ్లు దాటాయి. పన్నెండేళ్ల వయసులో పట్టుకున్న బీడీల చాట ఇంకా దింపలేదు. భర్త పోయాడు, బిడ్డను జుక్కల్ వైపు పెళ్లి చేసి పంపింది. రెండు గదుల ఇల్లు. ముందు గదికి ఎదురుగా రెండంతస్తుల మేడ ఉంది కాబట్టి మిట్టమధ్యాహ్నం ఓ గంట తప్ప అక్కడ వెలుతురు రాదు. పక్క గదిలో, ఆ కిటికీ కింద మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెలుగే. ముప్పై అయిదేళ్లుగా ఆమె బీడీలు చుట్టేది అక్కడే. అందుకే గది ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టింది.

"గది మీకు. కిటికీ కింద జాగ నాకు. పొద్దు ఉన్నంత సేపు నేను గక్కడనే కూసుంట."

"కూసోరాదే అవ్వా, ఎవరొద్దన్నరు?" అని దేవిదాస్ నవ్వాడు. అలవాటు కొద్దీ ఆమె చాప కూడా కొలిచాడు. రెండడుగుల నాలుగంగుళాలు.

అలా నెలన్నర బాగానే గడిచింది. కిటికీ కింద భూమవ్వ తునికాకు కత్తిరిస్తుండేది, ఇవతల ప్రేమల బియ్యం చెరుగుతుండేది, కిటికీ చువ్వల మీద మోచేతులు ఆనించి దేవిదాస్ మేస్త్రీ రెడ్యాతో అంగుళాల గురించి వాదిస్తుండేవాడు. రెడ్యా మంచి పనివాడు. అతని గోడలు వంకర పోవు, మాట మాత్రం కొంచెం వంకరగా వస్తుంది.

చిక్కు అంతా ప్లాను కాగితంలో మొదలైంది.

ప్లాను గీసింది నవనీత్ అనే కుర్ర ఇంజనీరు. కాగితం మీద ఇంటి చుట్టూ ఒక తెల్లని పట్టీ వదిలాడు. భూమవ్వ గోడ వైపు ఆ పట్టీ వెడల్పు ఐదడుగులు, పొడవు ముప్పై అడుగులు. దాన్ని చూసినప్పుడల్లా దేవిదాస్ టేపు తీసి ఆ జాగ మళ్లీ కొలిచేవాడు.

"గింత జాగ ఎవరికి ఇడుస్తున్నం నవనీతూ?"

"ఎవరికీ కాదంకుల్. సెట్‌బ్యాక్. రూల్ అది."

"రిజిస్ట్రీ కాగితం నా పేరు మీదనే ఉన్నది గదా?"

"ఉంది అంకుల్. జాగ మీదే. కట్టుడు మాత్రం అక్కడ ఉండొద్దు."

దేవిదాస్‌కు ఇది ఎంతకీ మింగుడు పడలేదు. నిజానికి ఆ వైపు ఖాళీ వదలడం ఆ ఇంట్లో కొత్త కాదు. కాశీరాం కూడా పెంకుటిల్లు కట్టినప్పుడు మూడడుగులు వదిలాడు. "మన చూరు నీళ్లు మన జాగలనే పడాలె, పక్కోళ్ల గోడ తడవొద్దు" అనేది ఆయన లెక్క. ఆ రోజుల్లో పల్లెల్లో ఇది ఎవరూ కాగితం మీద రాయలేదు, అందరూ పాటించారు. భూమవ్వ ఇంటి గోడ సరిగ్గా హద్దు మీద ఉంది. ఆమె భర్త వచ్చి, "అన్నా, గీ గోడకు కిటికీ పెట్టుకుంటే నీకు అడ్డమా?" అని అడిగినప్పుడు కాశీరాం, "పెట్టుకో తమ్మీ, చూరు జాగ ఎట్లైనా ఖాళీగనే ఉంటది" అన్నాడు. ఆ కిటికీ అలా పుట్టింది.

కొడుకు ఆలోచన ఇంకో దారి పట్టింది. డాబాకు చూరు ఉండదు. పై నీళ్లు పైపులో దిగుతాయి. చూరే లేనప్పుడు చూరు జాగ ఎందుకు? ఈ వాదన ఆయనకు ఎంత నచ్చిందంటే దుకాణానికి యూరియా కోసం వచ్చిన వాళ్లందరికీ వినిపించాడు. బస్తా కావలసిన వాడు అవునంటాడు కానీ కాదనడు కదా. అందరూ ఒప్పుకున్నారనుకున్నాడు.

పర్మిషన్ కాగితాలతో పాటు నవనీత్ ఇచ్చిన నిబంధనల ప్రతి ఒకటి ఇంట్లో ఉంది. ఒక సాయంత్రం దేవిదాస్ దాన్ని భార్య ముందు పెట్టాడు. "బి.ఏ. చదివినవ్ గదా, జర చూడు. ఏడన్న సందు ఉంటదేమో."

మొదటి అధ్యాయం నిర్వచనాలు. ఇంట్లో పుట్టి పెరిగిన వస్తువులన్నింటినీ అక్కడ వరుసగా నిలబెట్టి పరిచయం చేశారు. గది అంటే ఏమిటి, వంటగది అంటే ఏమిటి, మెట్లంటే ఏమిటి, అంతస్తు అంటే ఏమిటి. పాతికేళ్లకు పైగా వంటగదిలో నిలబడిన ప్రేమలకు వంటగది అంటే ఏమిటో ఆ రోజే అధికారికంగా తెలిసింది. అందులో ఆమె ప్రస్తావన లేదు.

ఆమె చదువుతూ పోయింది. "ఖాళీ జాగ అంటే, స్థలంలో భాగమై ఉండి, పైన ఆకాశానికి తెరిచి ఉండేది." దేవిదాస్ ఆవలించాడు. "నివాసానికి వాడే గదికి బయటి గాలిలోకి తెరుచుకునే కిటికీ ఉండాలి." దేవిదాస్ ఫోను చూసుకున్నాడు. "ఛజ్జా అంటే, ఎండ వానల నుంచి కాపాడడానికి గోడ నుంచి ముందుకు వచ్చే కప్పు. అది ఖాళీ జాగలోకి కొంతమేర రావచ్చు."

"ఆగాగు. గా ముక్క మళ్ల చదువు."

ఆమె మళ్లీ చదివింది. ధాన్యానికి మంచి ధర పలికిన నాడు కూడా ఆయన ముఖం అంత వెలగలేదు.

పథకం మర్నాటికే తయారైంది. స్లాబుతో పాటు ఆ వైపు ఛజ్జా పోస్తారు. 'కొంతమేర' అన్న మాటను దేవిదాస్ టేపుతో కొలిస్తే సరిగ్గా ఐదడుగులు వచ్చింది, అంటే భూమవ్వ గోడ దాకా. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి చూసి వెళ్లాక, దాని కింద ముందొక గోడ, వెనకొక గోడ. యూరియా బస్తాలకు చక్కని స్టోర్ రూమ్. మూడో గోడ తన ఇంటిది, నాలుగో గోడ భూమవ్వది. ఆ నాలుగో గోడలో కిటికీ ఉంది కదా అంటే, ఒక ప్లైవుడ్ ముక్క కొడితే సరిపోతుంది.

నవనీత్ తల అడ్డంగా ఊపాడు. "అంకుల్, మీరు అనేది ఛజ్జా కాదు, రూమ్. నేను గీసిన గీత దాకనే నా సంతకం."

"కింద ఏమున్నా పైన ఉన్నది ఛజ్జానే గదా? పేరు మారుతదా?" అన్నాడు దేవిదాస్. నవనీత్ ప్రేమల వైపు చూశాడు. ప్రేమల టీ గ్లాసులు తీసుకొని లోపలికి వెళ్లింది. వాదించి గెలిచిన రోజులు ఆమె కాపురంలో పెద్దగా లేవు. ఆగి చూసి గెలిచిన రోజులు కొన్ని ఉన్నాయి.

సరిగ్గా ఆ వారమే పొలం దగ్గర ఇంకో గొడవ వచ్చింది. దేవిదాస్ మడికి నీళ్లు పై రైతు గోపీచంద్ పొలం లోంచి పిల్ల కాలువలో రావాలి. గోపీచంద్ ఈసారి ట్రాక్టరు పెట్టి ఆ పిల్ల కాలువను కూడా దున్నేసి, రెండు సాళ్లు ఎక్కువ వరి నాటుకున్నాడు. నాట్లప్పుడు గట్టు పొర్లి వచ్చిన నీళ్లు ఇప్పుడు రావడం లేదు; యాసంగి పంట, పొట్ట దశ. దేవిదాస్ కిటికీ దగ్గర నిలబడి ఫోనులో అరిచిన అరుపులకు బయట రెడ్యా తాపీ ఆపి చూశాడు.

"జాగ నీదే గోపీచందూ, ఎవరు కాదన్నరు? గానీ కాలువ నీది గాదు. నీ పొలంల నుంచి పోయినంత మాత్రాన నీళ్లు నీవైతయా? కింద నా వరి ఎండిపోతే నువ్వు పెడతవా అన్నం?"

పెద్దమనుషులు కాలువ గట్టు మీద కూర్చుని దేవిదాస్ మాటే న్యాయమన్నారు. గోపీచంద్ పిల్ల కాలువను మళ్లీ తవ్వాడు. ఆ విజయాన్ని దేవిదాస్ ఆ వారం రోజుల్లో ఐదుసార్లు ఫోనులో ఐదుగురు చుట్టాలకు చెప్పాడు, ఐదుసార్లూ కిటికీ దగ్గర నిలబడే. కిటికీ కింద భూమవ్వ ఐదుసార్లూ విన్నది. బీడీ చుట్టేవాళ్ల చేతులకే పని, చెవులు ఖాళీగానే ఉంటాయి.

తర్వాత సెంట్రింగ్ పని మొదలైంది. పొడుగు కట్టెలు నిలబెట్టి, వాటి మీద ఇనుప రేకులు పరిచారు. భూమవ్వ గోడ వైపు రేకులు పరుస్తున్నప్పుడు ఆమె కిటికీ లోంచి పైకి చూసింది.

"ఏంది బిడ్డా అది?"

"ఛజ్జా అవ్వా. మామూలు ఛజ్జానే."

"మామూలు ఛజ్జా నా గోడ దాంక వస్తదా?"

దేవిదాస్ రెడ్యాను ఏదో అడగడానికి వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఆ సందు పైన రేకులు కమ్ముకున్నాయి, రెండు కొసల్లో ఇటుకల దొంతులు లేచాయి. మర్నాడు పొద్దున ప్రేమల కిటికీ తెరిస్తే తెల్లవారినట్టే లేదు.

భూమవ్వ ఎప్పటిలాగే చాప పరిచింది. బల్బు వేసుకుని కూర్చుంది. బల్బు వెలుతురు వెనక నుంచి రావడంతో ఆమె చేతి నీడ ఆమె కత్తిరించే ఆకు మీదనే పడింది. రెండు రోజులు అలా చుట్టింది. ఆకు ఇచ్చి బీడీలు తీసుకునే కార్ఖానాలో మేనేజరు ఎప్పుడూ పదో ఇరవయ్యో వంకర బీడీలు ఏరి పక్కన పడేసేవాడు. ఈసారి గుప్పిళ్లతో తీసి పడేశాడు. "కండ్లు పోయినయా భూమవ్వా? ఇట్లైతే ఇగ ఆకు ఇయ్యం" అన్నాడు. అరవై ఏళ్లు దాటిన మనిషికి ఆకు ఇవ్వడం మానేస్తే మళ్లీ ఇచ్చే వాళ్లుండరు. మూడో రోజు ఆమె చాట తీసుకుని గల్లీలో ఇసుక కుప్ప పక్కన కూర్చుంది. వెలుగు ఉంది. గాలికి తంబాకు లేచిపోతోంది, ఆటో వచ్చినప్పుడల్లా చాట ఎత్తుకుని లేవాలి.

గదిలో ఉన్నవాళ్ల పరిస్థితి వేరేగా లేదు. మధ్యాహ్నం కరెంటు పోయింది. దేవిదాస్ చెమటలు కారుతుండగా కంచం ముందు కూర్చున్నాడు. రెండో ముద్దలో రాయి పటుక్కుమంది.

"బియ్యం చూడలేదా?"

"చూసిన. కనబడలే."

"గింత ఉక్క ఏంది? గా కిటికీ తెరువు."

"తెరిచే ఉన్నది. రేకు కనబడుతున్నది చూడుండ్రి."

"కిటికీ అన్నంక గాలి రావాలె గదా!"

"ఎందుకు రావాలె?" అంది ప్రేమల, ఎంతో మర్యాదగా. "చువ్వలున్నయి, రెక్కలున్నయి. గాలి రాకపోతే కిటికీ కిటికీ గాకుండ పోతదా? పేరు మారుతదా?"

ఆ మాట ఎక్కడో విన్నట్టు అనిపించి దేవిదాస్ కంచంలోకి చూశాడు. చీకట్లో కంచం కూడా సరిగా కనిపించలేదు. కోపం ఎవరి మీద చూపాలో తోచక, చెయ్యి కడుక్కుని, తిన్నగా గల్లీలోకి వెళ్లాడు.

"ఏందవ్వా, నీ గదిల గాలి లేదు, వెలుగు లేదు. మనిషి ఉండే గదేనా అది? ఏమన్న చేపియ్యరాదు?"

ఆటోకు దారి ఇవ్వడానికి చాట ఎత్తుకుని నిలబడిన భూమవ్వ, ఆటో పోయేదాకా ఆగింది. తరువాత మెల్లగా కూర్చుని అంది.

"నేనేం చేపియ్యాలె బిడ్డా? నా గదికి గాలి నీ జాగల నుంచే వస్తుండె గదా ఇన్నేండ్లు."

"నా జాగల నేను కట్టుకుంటున్న. నీ గోడే హద్దు మీదున్నది. నేనేమన్న నీ జాగ గుంజుకున్ననా?"

"లేదు. నువ్వు గుంజుకునేటోనివి గాదు. జాగ నీదే, ఎవరు కాదన్నరు?" భూమవ్వ ఆకు చుట్టి దారం కట్టింది. "గానీ కాలువ నీది గాదు."

దేవిదాస్ చూపు రేకులు కమ్మిన సందు వైపు పోయింది.

"నువ్వు ఫోన్ల చెప్తుంటే నేను కిటికీ కిందనే ఉంటి. ఒక్కసారి గాదు, ఐదుసార్లు విన్న. నాకు నోటికొచ్చింది. నీ పొలంల నుంచి పోయినంత మాత్రాన నీళ్లు నీవైతయా అని అడిగినవ్ గోపీచంద్‌ను. మంచిగ అడిగినవ్ బిడ్డా. మా ఆయన ఉంటే మెచ్చుకునేటోడు. వెలుతురుకు గూడ పిల్ల కాలువ ఉంటది. మీ నాయిన దానికి మూడడుగులు ఇడిచిండు. చూరు నీళ్ల కోసమని చెప్పిండు గానీ, కిటికీ పెట్టుకోమన్నది గూడ ఆయననే."

ప్రేమల గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో నిబంధనల ప్రతి ఉంది, అక్కడైతే అక్షరాలు కనిపిస్తాయి మరి. ఎవరూ అడగకపోయినా ఒక వాక్యం పైకి చదివింది. "ఖాళీ జాగ అంటే, స్థలంలో భాగమై ఉండి, పైన ఆకాశానికి తెరిచి ఉండేది." ఆ తరువాత కాగితం మడిచి, "మొన్న ఇది చదివినప్పుడు మీరు ఆవలిస్తుండ్రి" అంది.

ఇల్లు కట్టుకునే వాళ్లు మనలో ఎందరో ఉన్నారు. ఛజ్జాను వంటిల్లు చేసిన వాళ్లు, బండ్లు నిలిపే చోటును దుకాణం చేసిన వాళ్లు, మెట్లను మురుగు మోరీ మీదికి దించిన వాళ్లు మన గల్లీల్లోనే కనిపిస్తారు. వాళ్లలో చెడ్డవాళ్లు తక్కువ. నాలుగు బస్తాలకు చోటు దొరుకుతుందనో, కోడలికి సౌకర్యంగా ఉంటుందనో చేస్తారు. ఆ పుస్తకంలో ఉన్న మాటలను ఆఫీసు వాళ్లు మనల్ని సతాయించడానికి రాసుకున్నారనుకుని, ఆ మాటల నడుమ సందులు వెతుకుతాం. ప్రతి మాట వెనకా ఒక మనిషి కూర్చుని ఉంటారని గుర్తుండదు. ఐదడుగులు అని రాసిన చోట ఎక్కడో ఒక భూమవ్వ చాట పట్టుకుని ఉంటుంది. రేపు పక్కజాగలో మేడ లేచినప్పుడు ఆ భూమవ్వ మనమే అవుతాం.

మర్నాడు స్లాబు. పొద్దున ఏడు గంటలకే కాంక్రీటు కలిపే మిల్లర్ వచ్చింది, ఇరవై మంది కూలీలు వచ్చారు. నవనీత్ హెల్మెట్ పెట్టుకుని ముభావంగా ఓ పక్క నిలబడ్డాడు. ఇసుక కుప్ప మీద పనివాళ్లు తిరుగుతుండడంతో భూమవ్వ చాట పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో చూసుకుంటోంది. మిల్లర్ మొదలుపెట్టబోతుంటే దేవిదాస్ చెయ్యెత్తాడు.

"రెడ్యా, జర ఆగు. గా అవ్వ గోడ దిక్కు రేకులు తీసెయ్యి. ఛజ్జా అడుగున్నర చాలు."

కూలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రేకులు విప్పి, అంచు పలక మళ్లీ బిగించాలంటే సగం పూట పని.

"ఎందుకు పటేలా? గిప్పుడా చెప్పేది?" అన్నాడు రెడ్యా.

"కొలత తప్పింది."

"ఎవరి కొలత? నా కొలత మంచిగనే ఉన్నది. కావాల్నంటే టేపు పెట్టి చూడు."

"నీది గాదు. ప్లానుల..."

"ప్లానులో అడుగున్నరే ఉందంకుల్," అన్నాడు నవనీత్, ఈసారి ముభావం లేకుండా.

దేవిదాస్ తల గోక్కున్నాడు. "అంటే, గా పుస్తకంల సరిగ్గ రాయలేదు. ఈమె చదివినప్పుడు..."

ప్రేమల తలుపు దగ్గర నుంచి భర్త వైపు చూసింది. దగ్గరికి వచ్చి, ఆయన జేబులోంచి టేపు తీసి, దాని కొసను ఆయన చేత కొత్త గోడకు ఆనించి పట్టించి, రెండో వైపు తాను పట్టుకుని భూమవ్వ గోడ దగ్గరికి నడిచింది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి కొస ఆయన చేతిలో ఉంది. ఆమె కిటికీ చువ్వల దగ్గర ఆగింది. టేపు ఇద్దరి నడుమ బిగుసుకుంది. ఐదడుగులు.

ఆయన టేపు వంక చూశాడు, దాని అవతల కిటికీ వంక చూశాడు, చాటతో నిలబడిన భూమవ్వ వంక చూశాడు. మిల్లర్ దగ్గర ఇరవై మంది వింటున్నారు. ఆయన గొంతు తగ్గించలేదు.

"తప్పు నాదే అవ్వా. జాగ నాది గదా అని మీదున్న ఆకాశం గూడ నా లెక్కలనే వేసుకున్న. గోపీచంద్ చేసిన పనే నేను చేసిన. రేకులు తీస్తరు, నువ్వు పోయి నీ కిటికీ కింద కూసో."